టీనేజ్ క్యాసెట్లు కంప్యూటర్లోకి: 31లో 11 అయ్యాయి

పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య నేను అరగదీసిన క్యాసెట్లు మొత్తం 31, ఇప్పటికి 11 కంప్యూటర్లోకి ఎక్కించా. రోజుకొకటి చొప్పున నెలలో తేల్చేద్దాం అనుకున్నా కానీ 90 నిమిషాల టేపుకి 90 నిమిషాలూ కూర్చోవాల్సిందే, ఇందులో కాపీ పేస్ట్ ఏం లేదు. పైగా కూర్చున్నాక పాట మధ్యలో లేవబుద్ధి కాదు, అది వేరే సంగతి.

మొదటి వారం మొత్తం ప్లేయర్ రిపేరుకే పోయింది. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అయిపోయింది, వేలికి అంటితే సబ్బుకి కూడా పోలేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దితే పోయింది. కొత్తదానికి కొలత తీసుకుందామంటే పాత బెల్టు ముక్క కూడా మిగల్లేదు కాబట్టి చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, దానికన్నా కొంచెం చిన్నది వేశా. తర్వాత అదే ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్ (టేపుని చదివే భాగం) తుడిచా, మొదటి నాలుగు పుల్లలు గోధుమరంగులో వచ్చాయి.

సౌండ్ దుప్పటి కప్పినట్టు వస్తుంటే అది టేపు తప్పు కాకపోవచ్చు, హెడ్ పక్కన దాని వంపు సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది, అజిముత్ స్క్రూ. పాట ఆడుతుండగా మోనోలో (ఎడమ, కుడి శబ్దాలు కలిపేసి) వింటూ దాన్ని వెంట్రుకవాసి తిప్పాలి, ట్రెబుల్ (సన్నటి, పదునైన శబ్దం) ఎక్కడ బాగా విచ్చుకుంటే అక్కడ ఆపెయ్యాలి. నా టేపులు రకరకాల రికార్డర్లలో ఎక్కించినవి కాబట్టి దాదాపు ప్రతిదానికీ మళ్లీ తిప్పాల్సొస్తోంది.

రికార్డింగ్ కోసం ముందు లాప్‌టాప్ మైక్ సాకెట్‌లో గుచ్చా, మోనోలో, అదీ పగిలిపోయి వచ్చింది. లైన్ ఇన్ (ప్లేయర్ లాంటివాటి సౌండ్ తీసుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ ఆడియో డబ్బా పెట్టాక సెట్ అయింది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టి చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూస్తున్నా. 90 నిమిషాలు వేవ్ ఫైల్‌గా దాదాపు 1.4 జీబీ వస్తుంది, అందుకే నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫార్మాట్‌లో దాస్తున్నా. సైడ్ మొత్తం ఒకేసారి లాగి, పాటలు తర్వాత కోస్తా. నాయిస్ రిడక్షన్ (టేపు వెనక వినిపించే హిస్స్, అంటే బుస శబ్దాన్ని తగ్గించే ఆప్షన్) మాత్రం వద్దు బాబోయ్, మొదటి మూడు టేపులకి గట్టిగా కొట్టేసరికి పాటలో తాళాలు నీళ్లలో మోగినట్టయ్యాయి, మూడూ మళ్లీ మొదటినుంచి చేశా. ఆ హిస్స్ ఉంటే ఉండనీ.

ఇక అసలు గొడవ. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ 42 నిమిషాలు, సి-90 క్యాసెట్‌లో ఒక సైడ్ 45, సరిగ్గా సరిపోయింది. కానీ డేంజరస్ (1991) 14 పాటలు, 77 నిమిషాలు, నా దగ్గర అప్పుడు ఉన్నదేమో 60 నిమిషాల సి-60. అంటే 17 నిమిషాలు ఎగరగొట్టాలి కదా, కొట్టేశా. అందులో విల్ యు బి దేర్ ఒకటి, ఎందుకంటే అది బీథోవెన్ తొమ్మిదో సింఫనీ కోరస్‌తో మొదలవుతుంది, నేనేమో ఫ్రెండ్ వాళ్ల టేపు మీద ఎవరో వేరే ఏదో రికార్డ్ చేసి పాడుచేశారనుకున్నా! దాదాపు ఏడున్నర నిమిషాల పాట, కొన్నేళ్ల తర్వాత గానీ మొత్తం వినలేదు. సైడ్ ఎ చివర్లో పాట లైను మధ్యలో టక్‌మని తెగిపోతుంది కూడా, ఇప్పుడు ఆల్బమ్ పూర్తిగా విన్నా అక్కడికి రాగానే చెవి ఆ టక్ కోసం చూస్తుంది. వదిలేసిన పాటలు తెచ్చి ఫోల్డర్లో కలపాలా అని రెండ్రోజులు ఆలోచించి మానేశా, నేను వందసార్లు విన్నది ఈ 60 నిమిషాల ఆల్బమే.

ఇంకోటి, ఆ ఫ్రెండ్ రికార్డర్ నెమ్మదిగా తిరిగేది అనుకుంటా, నా ప్లేయర్లో పాటలు కొంచెం పరిగెడుతున్నాయి. ఒరిజినల్లో 60వ సెకను దగ్గర పడే దెబ్బ నా టేపులో 58.2కే పడుతోంది, అంటే 3 శాతం. ఆడాసిటీలో స్పీడ్ మైనస్ 3 పెడితే శ్రుతీ వేగం రెండూ సరిపోతాయి, టెంపో ఆప్షన్ ముట్టుకోకండి, అది శ్రుతిని అలాగే వదిలేస్తుంది. తీరా సరిచేసి వింటే నాకు పాట నీరసంగా అనిపించింది, రెండు వెర్షన్లూ ఉంచుకున్నా ఏం చేస్తాం.

12వది ఆగిపోయింది. రీలుని హెడ్‌కి నొక్కే స్పాంజి ముక్క ఊడిపోయింది, ఆ క్యాసెట్‌కి స్క్రూలు లేవు, అతికించేసిన రకం. పక్కలు జాగ్రత్తగా విప్పి రీళ్లు వేరే డొక్కులోకి మార్చాలి. స్క్రూలున్న క్యాసెట్ ఒకటే కనిపించింది, పైన ఏం రాసి లేదు, ఖాళీదే కదా అని ఒకసారి పెట్టి చూశా. పదహారేళ్ల నా గొంతు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడినట్టుంది, వెనక మ్యూజిక్కే లేదు, సైడ్ మొత్తం. ముందు దీన్ని ఎక్కించాకే డొక్కు విప్పాలి, కాబట్టి లెక్క 31 కాదు 32.