గుళికల సంచి పక్కన కూర్చుని కొల్లేటికి

కొల్లేటి సరస్సు దగ్గరి ఆటపాకలో గూడబాతులను, అంటే పెలికాన్ పక్షులను, చూసి వచ్చి పది రోజులైంది. వాటి గురించి రాద్దామని ఇప్పుడు కూర్చుంటే, పక్షుల కంటే ముందు గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే బస్సులో నా కాళ్ల దగ్గర దొర్లిన ఒక ప్లాస్టిక్ సంచే కళ్ల ముందుకు వస్తున్నది. హైదరాబాదు నుంచి గుడివాడ దాకా సాగిన రాత్రి ప్రయాణంలో చెప్పుకోదగింది ఏమీ లేదు. పండుగ వెళ్లి మూడు వారాలైనా టికెట్టుకు పండుగ ధరే వసూలు చేశారన్నది ఒక్కటే నా ఫిర్యాదు.

ఉదయం ఏడున్నరకు కైకలూరు బస్సు ఎక్కాను. ముదినేపల్లి ఇంకా రాకముందే ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఆయన చేతిలో అయిదు కిలోల సంచి ఉంది. సంచి మీద నిలువుగా నిలబెట్టిన నలుపలకల గుర్తు, దాని కింది సగంలో ఎర్రటి త్రికోణం, పై సగంలో పుర్రె, ఎముకలు కనిపించాయి. పురుగుమందుల్లో ఎర్ర త్రికోణమంటే అన్నింటికన్నా ఘోరమైన విషమని అర్థం. సంచి మూల ఎక్కడో చిరిగినట్టుంది, బస్సు కుదిపినప్పుడల్లా నాలుగైదు ఊదారంగు గుళికలు రాలి, కింద పడి ఉన్న వేరుసెనగ పొట్టులో కలిసిపోతున్నాయి. ముందు సీటులోని పాప చెప్పులు విడిచి కాళ్లు ఆడిస్తూ కూర్చుంది.

నేను ఉండబట్టలేక, "సంచి చిరిగిందండీ, కొంచెం చూసుకోండి" అన్నాను. ఆయన ఏ మాత్రం కంగారు పడకుండా చిరుగును మడిచి, తన తుండుగుడ్డతో బిగించి కట్టాడు. తరువాత అదే తుండుగుడ్డ కొసతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏ ఊరండీ మీది?" అని ఆయన అడిగిన తరువాత మాటలు సాగాయి. దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పూర్తయ్యాయట. కాండం తొలిచే పురుగు పడకముందే గుళికలు వెయ్యాలట. నాలుగు ఎకరాలూ కౌలే. "పండినా పండకపోయినా కౌలు బస్తాలు కొలవాలి కదండీ. ఒక కట్ట యూరియా తగ్గిస్తే చేను పచ్చదనం తగ్గుద్ది, చూసినోడు నవ్వుతాడు" అన్నాడు. నేను వాదించలేదు. యూరియాతో వేసిన నత్రజనిలో సగం కూడా వరికి అందదనీ, మిగిలింది కొంత గాలిలోకీ కొంత నీటిలోకీ పోతుందనీ ఆయనకు చెప్పడం నాకు తేలికే. 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలకు దొరుకుతున్నంత కాలం, కౌలు గుండెల మీద కూర్చున్నంత కాలం, నా లెక్క ఆయనకు ఎందుకు పనికొస్తుంది?

ఆ గుళికల వాసన మాత్రం నన్ను నలభై ఏళ్లు వెనక్కి లాక్కుపోయింది. మా నాన్న గుళికలను ఇసుకలో కలిపి, గోనెపట్టా నడుముకు కట్టుకుని, ఒట్టి చేత్తోనే చల్లేవాడు. మర్నాడు పొద్దున్నే గట్టు మీదకు వెళితే పీతలు వెల్లకిలా తేలి ఉండేవి. గట్లకు బొరియలు చేసి నీళ్లు నిలవనివ్వవని పీతలంటే రైతుకు కోపం, కాబట్టి వాటిని చూసి నాన్న "మందు బాగా పనిచేసింది" అనేవాడు. ఆ పీతలను తినబోయి పడిపోయిన కొంగను ఒకసారి నేను చేతుల్లోకి తీసుకున్నాను. అది రెక్కలు విప్పలేకపోయింది, మెడను మాత్రం ఆపకుండా ఊపుతూనే ఉంది. నాన్న దాన్ని నా చేతిలో నుంచి లాక్కుని గట్టు అవతలికి విసిరేసి, నన్ను పొలం పక్కన పారే చిన్న కాలువలో, మా బోదెలో, చేతులు కడుక్కోమన్నాడు. ఖాళీ డబ్బాలను కడిగిందీ ఆ బోదెలోనే. ఆ రోజుల్లో మేము వాడిన ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31తో దేశమంతటా నిషేధించారు. అలాంటిదే మరో మందు కార్బోఫ్యూరాన్ మాత్రం 3 శాతం గుళికల రూపంలో ఇంకా మిగిలే ఉంది.

మా ఊరి మురుగు బోదె చంద్రయ్య డ్రెయిన్‌లో కలుస్తుందనీ, ఆ డ్రెయిన్ కొల్లేట్లో పడుతుందనీ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఈ వయసు వచ్చే దాకా ఆ నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూడాలని నాకు తోచలేదంటే, దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఆటపాకలో పక్షులకు ఒకటి, కెమెరాకు ఒకటి, పడవకు ఒకటి అంటూ విడివిడిగా డబ్బు కట్టించుకున్నారని విసుక్కుంటూనే పడవ ఎక్కాను. నీటి మధ్య ఇనుప స్టాండ్లు, వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు, ఆ గూళ్లలో గూడబాతులు. ఒక పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కుంటున్న తీరు చూస్తే నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఎప్పుడో చదివిన మరో సంగతి గుర్తుకొచ్చింది. కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 1970లో గోధుమరంగు గూడబాతులు 552 గూళ్లు కడితే దక్కింది ఒకే ఒక్క పిల్ల. చేపల ద్వారా ఒంట్లో పేరుకున్న డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చితికిపోయింది. మన దేశంలో డీడీటీని వ్యవసాయంలో వాడకూడదని 1989లో ఆపారు. ఇక్కడి గూళ్లు ఇప్పటికి నిండుగానే ఉన్నాయి, ఆ సంతోషాన్ని తక్కువ చేసి రాయను.

పడవవాడికి ముప్ఫై ఏళ్లుంటాయి. ఒకచోట గుర్రపుడెక్క అడ్డంవచ్చి పడవ ఆగిపోతే, గెడను పక్కన పెట్టి చేతులతోనే డెక్కను ఎత్తి పారేశాడు. ఆ వేళ్ల కింద నీరు పచ్చిగడ్డి రసంలా ఉంది. "ఎరువు నీళ్లు వచ్చినప్పుడు ఇది పది రోజుల్లో రెట్టింపవుద్ది సార్. మబ్బు పట్టిన మర్నాడు తెల్లారగట్ల చూడండి, చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి" అన్నాడు. నీటిలో నాచు పెరిగితే పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే పీల్చేస్తుంది, చచ్చి కుళ్లేటప్పుడు మరింత లాగేస్తుంది. పుస్తకంలో ఇది నాలుగు పేరాల విషయం. వాళ్ల తాత ఈ నీళ్లను దోసిలితో తాగేవాడట, ఇప్పుడు వాళ్లింట్లో తాగేది టిన్ను నీళ్లు.

నేరమంతా డెల్టా రైతు మీదే మోపడం న్యాయం కాదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే పట్టణాల మురుగు ఉంది, చేపల చెరువుల్లో నుంచి వదిలే నీరు ఉంది. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమని ప్రకటించి, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కి, 2006లో లోపల తవ్విన చేపల చెరువుల గట్లను పేలుడు పదార్థాలు పెట్టి మరీ తెంచిన సరస్సు ఇది. అన్నీ కలిసిన ఈ నీళ్లు బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అయినా ఆ పచ్చటి నీటిలోకి వంగి చూసినప్పుడు నేను వెతికింది మా బోదె నీళ్ల కోసమే.

మధ్యాహ్నం కైకలూరులో ఒక హోటల్లో కొల్లేటి కొర్రమేను పులుసు అడిగాను. వడ్డించే అబ్బాయి నిజాయితీపరుడు. "చెరువుదేనండీ, కొల్లేటిది రావట్లేదు" అన్నాడు. మూడువందల యాభై తీసుకున్నారు. పులుసు బాగుంది, కానీ ఆ ధరకు ఒక ముక్క ఎక్కువ వెయ్యాల్సింది.

తిరుగు బస్సులో ఉండగా మా పొలం కౌలు చేసే అబ్బాయి ఫోన్ చేశాడు. సొసైటీకి యూరియా వచ్చిందట, వరుస పెద్దగా ఉందట. "మళ్లీ దొరుకుద్దో లేదో బాబాయ్, రెండు కట్టలు ఎక్కువ తీసుకోమంటారా?" అని అడిగాడు. కౌలు బస్తాలు నాకే కదా రావాల్సింది. కిటికీలో నుంచి దాళ్వా చేలను కాసేపు చూసి, తీసుకోమన్నాను.