పన్నెండు కొట్టేలోగా

తమ్ముడు గుండె ఆపరేషన్ గట్టెక్కితే వైశాఖ పున్నమికి భిక్షువులకు భోజనం పెడతానని అమ్మ మొక్కుకుంది. వాడు గట్టెక్కాడు, కూరల్లో ఉప్పు లేదని పోట్లాడే దాకా వచ్చాడు. మొన్న బుద్ధ పూర్ణిమకి మొక్కు తీర్చుకున్నాం.

ఆచార్య బుద్ధరక్ఖిత 1956లో బెంగళూరు గాంధీనగర్‌లో స్థాపించిన మహాబోధి సొసైటీకి వెళ్లాం. మధ్యాహ్నం దాటితే భిక్షువులు మెతుకు ముట్టరు. బుద్ధుడికి సుజాత పెట్టింది పాయసమే కదా, పరమాన్నం దగ్గరపడందే కదలనని అమ్మ పట్టు. మెజెస్టిక్‌లో మెట్రో దిగేసరికి పదకొండు దాటింది. రెండు చేతులా క్యారియర్లు, మాడ్చే ఎండ, కదలని లైను. బుద్ధుడికి వీపు తిప్పి సెల్ఫీలేంటో! అమ్మ మోకాలు పట్టేసి అక్కడే కూలబడింది.

"ఇట్లియ్యి అక్కా, నేనెత్తుకుంటా. నువ్వు అవ్వని పట్టుకో." ఎవరో ఒకావిడ, చిత్తూరు వైపు మాట. నేను సరేననేలోపే క్యారియర్లు ఆమె చేతుల్లో ఉన్నాయి. "దారి బిడండి, సాములకి అన్నం!" అని కన్నడం, తెలుగు కలిపి అరుస్తూ మమ్మల్ని లోపలికి లాక్కుపోయింది.

ఇచ్చే ముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి ఉండాలని బుద్ధుడు చెప్పాడు. మొదటిది నా వల్ల కాలేదు, చెమటే సరిపోయింది. వడ్డిస్తుంటే మాత్రం ఒక ముసలి భిక్షువు పాత్రలో పరమాన్నం పడినప్పుడు గుండె నిండిపోయింది.

తర్వాత నీళ్లు వదలడం. చిన్న చెంబులోంచి గిన్నెలోకి సన్నధారగా పోయాలి. గిన్నె నిండి కింది పళ్లెంలోకి పొర్లే దాకా భిక్షువులు "ఇదం మే ఞాతీనం హోతు" అని చదువుతూనే ఉన్నారు. ఈ పుణ్యం మా బంధువులకు చెందాలని. చెంబు అమ్మ పట్టుకుంది, నేను అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. క్యారియర్లు మోసినావిడ దూరంగా గోడ పక్కన నిలబడింది. అమ్మ తల తిప్పి, "నువ్వూ చెయ్యి వెయ్యమ్మా, నీకూ పోయినవాళ్లు ఉంటారుగా" అంది. ఆవిడ గబగబా చీరకొంగుకి చెయ్యి తుడుచుకుని నా భుజం పట్టుకుంది. వేళ్లు బిగుసుకోవడం తెలిసింది. ఎవరి కోసమో నేనడగలేదు.

పొయ్యేటప్పుడు మిగిలిన పరమాన్నం గిన్నెతో సహా అమ్మ ఆవిడకే ఇచ్చేసింది. ఇంటికొచ్చాక తమ్ముడి మొదటి ప్రశ్న, "నాకేదీ?"


"నీ పేరు మీదే కదరా పెట్టాం, నోరు మూసుకో" అంది అమ్మ.