ఎల్‌డాక్ సెట్టింగ్: 990 మోజు ఎందుకు వద్దంటున్నానంటే

పెట్టె మీద ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ నాణ్యతతో పంపే కోడెక్, అంటే పాటని కుదించి పంపే పద్ధతి) అని చూసి ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టి హెడ్‌ఫోన్స్ కొంటారు గానీ, ఫోన్‌లో అది ఆన్ అయిందో లేదో చాలామంది చూడనే చూడరు. ఆండ్రాయిడ్‌లో అయితే హెడ్‌ఫోన్స్ కనెక్ట్ చేసి, బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వాటి పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. హెచ్‌డీ ఆడియో అనో ఎల్‌డాక్ అనో ఒక స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఎంత ఖరీదైనవైనా ఏఏసీ అనే వేరే కోడెక్‌లోనో, బ్లూటూత్‌లో పాటలు వినిపించే ప్రతి హెడ్‌ఫోన్‌కీ తప్పనిసరైన ఎస్‌బీసీ కోడెక్‌లోనో పాడుతూ ఉంటాయి. ఒకేసారి ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ కనెక్ట్ చేసి పెట్టుకుంటే కొన్ని మోడల్స్‌లో ఎల్‌డాక్ దానంతటదే ఆగిపోతుంది, అదీ చూసుకోండి. ఐఫోన్ వాళ్లకి ఈ గొడవే లేదు, అక్కడ ఎల్‌డాక్ రాదు, ఏఏసీతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక అసలు సంగతి. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అక్కడ కోడెక్ మార్చుకునే వీలు 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చింది, సోనీ వాళ్ల ఎల్‌డాక్ కూడా అప్పుడే ఆండ్రాయిడ్‌లో కలిసింది. ఎల్‌డాక్‌కి అక్కడ 990, 660, 330 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్ల డేటా వెళ్తుందో ఆ లెక్క) అని మూడు మెట్లు, పరిస్థితిని బట్టి తనే మార్చుకునే బెస్ట్ ఎఫర్ట్ అని ఇంకోటి. అందరి చెయ్యీ నేరుగా 990 మీదకే పోతుంది. ఇంట్లో ఫోన్ బల్ల మీద పెట్టుకుని వింటే ఏ ఇబ్బందీ ఉండదు. అదే ఫోన్ ప్యాంటు వెనక జేబులో వేసుకుని అమీర్‌పేట మెట్రో స్టేషన్లో నడిస్తే పల్లవి సగంలో టక్ టక్‌మని తెగుతుంది, ఎందుకంటే బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే చుట్టూ ఉన్నవాళ్ల ఇయర్‌బడ్స్, వైఫైలు కొట్టుకుంటుంటాయి, పైగా మన ఒళ్లే సిగ్నల్‌కి అడ్డం. నేనైతే బెస్ట్ ఎఫర్ట్‌లోనే వదిలేశాను.

తేడా వినపడుతుందా అంటే, ఎస్‌బీసీకీ ఎల్‌డాక్‌కీ మధ్య కొంచెం వినపడుతుంది. వీణ మీటాక నాదం సన్నబడుతూ పోయే చోట, వెనకాల తంబురా శ్రుతిలో. 660కీ 990కీ మధ్య మాత్రం నా చెవికి ఏమీ తెలియలేదు, తెలుస్తుందనే వాళ్లతో నాకు వాదన లేదు. అసలు పాటల యాప్‌లోనే డేటా సేవర్ పెట్టుకుని ఇక్కడ 990 పెడితే ఒరిగేదేమీ లేదు, ముందు అది సరిచేయండి.

ఇంకోటి, పాట వింటుండగా కాల్ వస్తే గొంతు పాత ల్యాండ్‌లైన్‌లా మారిపోతుంది కదా, అది హెడ్‌ఫోన్స్ చెడిపోయి కాదు. మైక్ ఆన్ కాగానే బ్లూటూత్ వేరే పద్ధతికి మారుతుంది, మామూలు బ్లూటూత్‌లో ఎల్‌డాక్ అక్కడ పనిచేయదు.

బేస్ తక్కువగా ఉందనిపిస్తే ఈక్వలైజర్ జోలికి వెళ్లేముందు రబ్బరు టిప్స్ సైజు మార్చి చూడండి. నాకు కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి చిన్నది సరిపోయాయి.