తూన్‌లో ఒక గురువారం

2025 జూలై 10, గురువారం, బెర్న్

మా భవనంలో బట్టలు ఉతుక్కోవడానికి ఒక్కో ఇంటికి ఒక్కో రోజు కేటాయించి ఉంటుంది. నేలమాళిగలో అందరికీ కలిపి ఒకటే యంత్రం, తలుపు మీద పట్టిక. మాది గురువారం. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ పని తనే అందుకుంది కానీ, ఆ పట్టికను మాత్రం క్షమించలేదు. "మునిసిపాలిటీ కొళాయి దగ్గర వంతులు చూశాను. ఇన్ని నీళ్లున్న దేశంలో కూడా వంతులేమిటే?" అని ఇవాళ మళ్లీ అడిగింది. దుప్పట్లు యంత్రంలో వేసి, మీటలు ఏవి నొక్కాలో ఇంకోసారి చూపించి ఆఫీసుకు వెళ్లాను.

ఆఫీసులో పెద్దగా పని జరగలేదు. అందరి నోటా ఒకటే మాట: రాత్రి జెనీవాలో ఫిన్లాండ్‌తో స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్ ఆట. డ్రా చేసుకుంటే చాలు, ఆతిథ్య జట్టు మహిళల యూరోలో, అంటే ఐరోపా దేశాల కప్పులో, క్వార్టర్ ఫైనల్‌కు వెళుతుంది. సరిగ్గా అదే సమయానికి, అదే గ్రూపులో, ఇక్కడికి దగ్గరలోని తూన్‌లో ఐస్‌లాండ్, నార్వే ఆడతాయి. నార్వే మొదటి రెండు ఆటలూ గెలిచి గ్రూపులో అగ్రస్థానం ఖాయం చేసుకుంది. ఐస్‌లాండ్ రెండూ ఓడి ఇంటిదారి పట్టింది. తూన్‌లో ఎవరు గెలిచినా ముందుకు వెళ్లేవాళ్లు మారరు. నా దగ్గర ఉన్నవి ఆ ఆట టికెట్లు. కొన్నప్పుడు ఆ గ్రూపు తలరాత తేలేది అక్కడే అనుకున్నాను.

కాఫీ వేళ ఆ సంగతి చెబితే పక్క బల్ల ఆయన జాలిగా నవ్వాడు. అంత చిన్న దేశం ఇంతదాకా రావడమే గొప్ప కదా, పాపం, అన్నాడు. మంచి మనిషే, మనసులో కల్మషం లేదు. అయినా ఆ మాట నాకు మధ్యాహ్నం దాకా గుచ్చుకుంటూనే ఉంది. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే, నిజం. మన దగ్గర ఒక మోస్తరు జిల్లా కేంద్రమంత. కానీ ఇది వాళ్లకు వరుసగా ఐదో యూరో: 2009, 2013, 2017, 2022, ఇప్పుడు 2025. ఇన్నిసార్లు వచ్చినవాళ్లను ఇంకా గుమ్మం దగ్గరే నిలబెట్టి "అబ్బో, వచ్చారే" అనడం మర్యాదలా కనిపించే అమర్యాద. పోయినేడు జూలైలో రెయిక్యావిక్‌లో జర్మనీని 3-0తో ఓడించి మరీ ఈ టోర్నీకి అర్హత సాధించారు. జర్మనీ వాళ్లు ఆ రాత్రి ఎదుటి దేశం జనాభా లెక్కపెట్టుకుని ఓదార్చుకుని ఉండరు.

నాకు ఈ జట్టు మీద ఇష్టం 2022 వేసవిలో మొదలైంది. కాలు బెణికి ఇంట్లో కూర్చున్నాను, టీవీలో ఇంగ్లండ్‌లో జరిగే యూరో వస్తోంది. ఐస్‌లాండ్ మూడు ఆటలు ఆడింది. బెల్జియంతో 1-1, ఇటలీతో 1-1, ఫ్రాన్స్‌తో 1-1. ఫ్రాన్స్ మీద ఆ ఒక్క గోలు, ఆట ముగిసే వేళ దాగ్ని బ్రిన్యార్స్‌దోత్తిర్ కొట్టిన పెనాల్టీ. ఒక్క ఆటా ఓడకుండానే ఇంటికి వెళ్లిపోయారు. ఇలాంటి లెక్క క్రికెట్‌లో కూడా చూడలేదు. ఆ సెప్టెంబరులోనే యూట్రెక్ట్‌లో నెదర్లాండ్స్‌తో డ్రా చేసుకుంటే మొదటిసారి ప్రపంచకప్పుకు వెళ్లేవారు. తొంభై నిమిషాలు గోలు ఇవ్వలేదు. తొంభై మూడో నిమిషంలో ఇచ్చారు. అక్టోబరులో పోర్చుగల్‌తో ప్లేఆఫ్, అదనపు సమయంలో 4-1తో ఓటమి. ఇప్పటికీ ప్రపంచకప్పు ముఖం చూడలేదు. పక్క బల్ల ఆయన అన్న "ఇంతదాకా" ఎక్కడిదాకానో ఆ అమ్మాయిలకు బాగా తెలుసు.

ఐదున్నరకు ఇంటికొస్తే అమ్మ పెరుగన్నం కలిపి, చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. ఊరికే అడిగానే గాని వస్తుందని నేననుకోలేదు. మ్యాచ్ టికెట్ ఉంటే రైలు, బస్సు ఉచితమని చెప్పాక ఉత్సాహం పెరిగిందని నా అనుమానం. రైల్లో కూర్చున్నాక అసలు ప్రశ్న వేసింది.

"రెండూ ఓడిపోయారంటున్నావు. మరి ఈ ఆట ఎందుకాడతారు?"

"ఆడాలి కాబట్టి, అమ్మా."

"అదేమి జవాబు?"

నిజమే, అదేమీ జవాబు కాదు. అందుకని మాట మార్చి మొదటి రెండు ఆటల కథ చెప్పాను. జూలై 2న ఇదే తూన్‌లో ఫిన్లాండ్‌తో మొదటి ఆట. కెప్టెన్ గ్లోదిస్ పెర్లా విగ్గోస్‌దోత్తిర్‌కు కడుపులో బాగా లేదు, సగం ఆటకే బయటికి వచ్చేసింది. రెండో సగంలో హిల్దుర్ ఆంతోన్స్‌దోత్తిర్ రెండో పసుపు కార్డుతో వెళ్లిపోయింది. పది మంది మిగిలారు, 1-0తో ఓడారు. ఆదివారం బెర్న్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 2-0. డెబ్బై ఆరో నిమిషం దాకా ఎటూ తేలని ఆట అది. ఆ రాత్రి మా వీధిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి, నేను కిటికీ మూసుకున్నాను. పన్ను కట్టేది ఈ దేశానికే అయినా అభిమానానికి పన్నుతో పని లేదు.

అమ్మకు కార్డుల రంగులు పట్టలేదు. "వాళ్లలో పెళ్లయినవాళ్లు ఉన్నారా?" అంది. దాగ్ని ఈ జట్టులో ఉంది, ఇద్దరు పిల్లల తల్లి అన్నాను. అమ్మ కిటికీ లోంచి చూపు తిప్పి నన్ను చూసింది. అమ్మ ఇంటర్ చదివేటప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేది. కాలేజీ జట్టులో వెనక వరుస. పెళ్లి కుదిరిన ఏడాది రాకెట్ ఎవరికో ఇచ్చేసిందని మా పిన్ని చెబితే తెలిసింది, అమ్మ ఎన్నడూ చెప్పలేదు. అందుకని సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ కథ వివరంగా చెప్పాను. ఈ జట్టుకు చాలాకాలం కెప్టెన్. 2020లో ఫ్రాన్స్ క్లబ్బు లియోన్ తరఫున, ఐరోపా క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోలు కొట్టింది, అదీ తన పాత క్లబ్బు వోల్ఫ్స్‌బర్గ్ మీద. తర్వాత గర్భవతి అయితే లియోన్ క్లబ్బు జీతం పూర్తిగా ఇవ్వలేదు. ఆమె ఊరుకోలేదు. ఫిఫా ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పిచ్చి ఎనభై రెండు వేల యూరోలకు పైగా కట్టించింది. 2022 యూరోలో పిల్లవాడితో వచ్చి మళ్లీ ఆడింది.

"ఎవరిచ్చారు ఆ ధైర్యం?" అంది అమ్మ.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక తేదీ ఉంది. 1975 అక్టోబరు 24. ఐస్‌లాండ్ ఆడవాళ్లలో తొంభై శాతం మంది ఆ రోజు ఆఫీసు పనీ, ఇంటి పనీ మానేసి వీధుల్లోకి వచ్చారు. మగవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని ఉద్యోగాలకు వెళ్లారు. ఐదేళ్లకు, 1980లో, విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ప్రపంచంలో ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న మొదటి మహిళా దేశాధ్యక్షురాలు ఆమే. మరుసటి సంవత్సరం, 1981 సెప్టెంబరులో, మహిళల ఫుట్‌బాల్ జట్టు మొదటి అంతర్జాతీయ ఆట ఆడింది. స్కాట్లండ్ చేతిలో 3-2తో ఓడింది. ఇవన్నీ ఒకదానికొకటి కారణాలని నేను చెప్పను. కానీ అదే ఊళ్లు, అవే ఇళ్లు. సమ్మె రోజున తల్లి చెయ్యి పట్టుకుని నడిచిన పిల్లలు ఆరేళ్లకు ఎంత ఎత్తు ఎదిగి ఉంటారో ఊహించుకోవచ్చు. 2018లో ఆ దేశపు సమాఖ్య ఆడ, మగ జాతీయ జట్లకు ఒకే బోనసు ఇస్తామని ప్రకటించింది. పురుషుల జట్టు 2016 యూరోతో ప్రపంచానికి తెలిసింది గానీ, ఐస్‌లాండ్ నుంచి పెద్ద టోర్నీకి మొదట వెళ్లింది ఆడవాళ్ల జట్టే, 2009లో.

"1975లో నేను ఇంటర్," అంది అమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు. అంతలో తూన్ వచ్చింది.

స్టేడియం ఊరి దక్షిణం వైపు. స్టాక్‌హార్న్ కొండ పేరే పెట్టారు దానికి, ఆ కొండ అక్కడి నుంచి కనిపిస్తుంది. నీలం చొక్కాలు నేననుకున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి. ముఖాలకు రంగులు పూసుకున్న తాతలు, భుజాల మీద మనుమరాళ్లు. ఓడిపోయిన జట్టు కోసం సముద్రం దాటి వచ్చి ఇంత గట్టిగా అరిచేవాళ్లను చూస్తే, టికెట్లు ముందే కొనుక్కున్నారు కాబట్టి తప్పక వచ్చారు అనే మాట కూడా నిలవదు. మా ముందు వరుసలో మాత్రం స్విస్ కుటుంబం ఒకటి. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, నాలుగింటిలో జెనీవా.

ఆరో నిమిషంలో స్వేన్‌దిస్ యోన్స్‌దోత్తిర్ గోలు కొట్టింది. ఈ టోర్నీలో ఐస్‌లాండ్‌కు అదే మొదటి గోలు. స్వేన్‌దిస్ వాళ్లమ్మది ఘనా. ఈమె చేతులతో బంతిని గోలు ముందు దాకా విసరగలదు, పక్క గీత దగ్గర త్రో వచ్చిందంటే కార్నర్ కిక్ వచ్చినట్టే. చొక్కా అంచుతో బంతి తడి తుడుచుకుని వెనక్కి అడుగులు వేస్తుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

తర్వాత నార్వే అమ్మాయి సిగ్నె గౌప్‌సెట్ వంతు. ఎప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. మొదటి సగంలోనే రెండు గోల్స్. రెండో సగంలో ఫ్రిదా మానుమ్ రెండు. 4-1. ఐస్‌లాండ్ రక్షణ వరుస మధ్యలో అంత ఖాళీ ఎందుకు వదిలిందో నాకు అర్థం కాలేదు, కోచ్ థోర్‌స్టైన్ హాల్దోర్‌సన్ మీద నాకు కోపం కూడా వచ్చింది. ఇంత అనుభవమున్న జట్టు మూడు ఆటల్లో మూడు రకాలుగా ఓడితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. జాలిపడేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. చిన్న దేశం కదా అని సరిపెట్టేస్తారు. అడిగేవాళ్లే అసలు అభిమానులు.

ఎనభై నాలుగో నిమిషంలో హ్లిన్ ఎరిక్స్‌దోత్తిర్ ఒకటి కొట్టి 4-2 చేసింది. అప్పటికి మా ముందువాళ్లు పూర్తిగా దిగులులో మునిగారు, జెనీవాలో ఫిన్లాండ్ పెనాల్టీతో ముందుకు వెళ్లింది. ఇక్కడ మైదానంలో ఆట జరుగుతుందని కూడా వాళ్లకు గుర్తు లేదు. ఉన్నట్టుండి నలుగురూ లేచి అరిచారు. స్టేడియంలో సగం మంది లేచి అరిచారు. తూన్ మైదానం మీద ఏమీ జరగలేదు! జెనీవాలో తొంభై రెండో నిమిషంలో రియోలా జెమైలి గోలు, 1-1, స్విట్జర్లాండ్ క్వార్టర్ ఫైనల్లోకి. ముందావిడ ఏడుస్తూ మా అమ్మను కౌగిలించుకుంది. అమ్మ ఏమీ అర్థం కాకుండానే ఆవిడ వీపు నిమిరింది.

ఆ హడావిడి మధ్యలోనే ఇక్కడ ఐస్‌లాండ్‌కు పెనాల్టీ దొరికింది. తొంభై ఐదో నిమిషం. సగం మంది మైదానం వైపు చూడటం లేదు. కెప్టెన్ గ్లోదిస్ వచ్చి కొట్టింది. 4-3. ఆ గోలుతో ఏదీ మారదు, ఒక్క అంకె తప్ప. అయినా ఆ అంకె కోసం ఆఖరి క్షణం దాకా బంతిని అవతలి గోలు వైపే నెట్టుకుంటూ పోయారు.

ఆట అయిపోయిందని ఈల మోగగానే అమ్మ నా వైపు తిరిగింది. "ఇంకొక్కటి కొడితే సమానం కదా. ఆ ఈల మనిషికి ఏం తొందర?"

రైల్లో ఎందుకు ఆడతారని అడిగిన మనిషే. ఆ మాట గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను.

తిరుగు బస్సులో నిలబడటానికే చోటు. ఒక అబ్బాయి లేచి అమ్మకు సీటిచ్చాడు. అమ్మ ఊరివాళ్లతో మాట్లాడినట్టే పక్కనున్న ఐస్‌లాండ్ పెద్దావిడతో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. నేను మధ్యవర్తిని. మన అమ్మాయిలు కూడా ఆడతారు అని చెప్పమంది, చెప్పాను. పోయిన శనివారమే భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌లో ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించింది. క్వాలిఫయర్లు ఆడి ఆ టోర్నీకి అర్హత సాధించడం మన జట్టుకు ఇదే మొదటిసారి. మన నిజామాబాద్ వైపు అమ్మాయి గుగులోతు సౌమ్య కూడా భారత జట్టుకు ఆడుతుందని నేనే కలిపాను. పెద్దావిడ తల ఊపి, మీ దేశంలో ఎంతమంది ఉంటారని అడిగింది. చెప్పాను. ఆవిడ మర్యాదగా ఇంకేమీ అడగలేదు. నూట నలభై కోట్లలో నుంచి పదకొండు మందిని ఏరుకునే మనం అక్కడిదాకా రావడానికి ఇంతకాలం పట్టింది. చలికాలంలో నేల గడ్డకట్టే దేశంలో వాళ్లు 2000 నుంచి ఊరూరా పైకప్పున్న మైదానాలు కట్టుకున్నారు, చిన్నపిల్లలకు నేర్పేవాళ్లకు కూడా శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి పెట్టుకున్నారు. జనాభాను సాకుగా వాడటంలో మనం వాళ్లకంటే ముందున్నాం, అదీ అటువైపు నుంచి.

ఆవిడ మాత్రం జట్టును తిడుతూనే ఉంది. ఫిన్లాండ్ మీద గెలవాల్సింది అంది, స్విట్జర్లాండ్‌తో ఆఖర్లో నిద్రపోయారు అంది, ఈ గ్రూపు నుంచి ముందుకు వెళ్లకపోవడానికి సాకు లేదు అంది. మనుమరాలు రెండు చేతులతో చెవులు మూసుకుంది, ఇంట్లో రోజూ వినేదే కాబోలు. పక్క బల్ల ఆయన ఈ బస్సులో ఉండి ఉంటే బాగుండేది.

స్టేషన్‌లో దిగాక అమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

"తర్వాతి ప్రపంచకప్పు ఎక్కడ?"

"బ్రెజిల్. 2027."

"దానికి వెళతారా వీళ్లు?"

"ముందు అర్హత సాధించాలి. ఇంతవరకూ ఒక్కసారీ సాధించలేదు."

"మరి సాధించకపోతే?"

"ఆ పెద్దావిడ మళ్లీ తిడుతుంది."

"తిట్టాలి," అంది అమ్మ, రైలు ఎక్కడానికి నా చెయ్యి పట్టుకుంటూ.