టార్చ్‌లైట్, గళ్ల కాగితం

"నాన్నా, పొద్దున కూడా అదే సూర్యుడు కదా, మధ్యాహ్నమే ఎందుకు చుర్రుమంటాడు?" అని మా అమ్మాయి అడిగింది. నోటితో చెప్పడం కంటే చూపించడమే మేలనిపించింది.

టార్చ్‌లైట్‌కి అట్ట గొట్టం తొడిగి, గది చీకటి చేసి, గళ్ల కాగితం మీద నిటారుగా వెలుగు వేశాం. గుండ్రటి మచ్చ. పాప వేలు పెట్టి లెక్కపెట్టింది: 41 గళ్లు. అదే దూరం నుంచి, వెలుగు కాగితానికి 30 డిగ్రీల కోణంలో పడేలా ఏటవాలుగా పట్టుకుంటే మచ్చ కోడిగుడ్డులా సాగి 80 దాటింది. వెలుగు అంతే, పంచుకునే చోటు రెట్టింపు. ఒక్కో గడికి దక్కేది సగం. "పలచబడిపోయింది నాన్నా!" అంది. ఇంతకంటే సరైన మాట నాకు తెలియదు.

గాలి సంగతి కూడా ఉంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే కిరణాలు, నడినెత్తిన ఉన్నప్పటికంటే రెట్టింపు గాలిని దాటాలి. దిగంతం దగ్గరైతే దాదాపు 38 రెట్లు. సాయంత్రం ఎండలో ఆ పస అందుకే ఉండదు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. ఉత్తరార్ధగోళంలో చలికాలం సరిగ్గా అప్పుడే! చలికాలం వచ్చేది దూరం వల్ల కాదు, భూమి అక్షానికున్న 23.4 డిగ్రీల వంపుతో కిరణాలు అప్పుడు ఏటవాలుగా పడటం వల్ల. ఈ మాట చెప్పేసరికి పాప మళ్లీ టార్చ్ అందుకుని, ఈసారి బంతి తెచ్చుకుంది.