వయొలిన్ వాయించేవాడికి హోమ్ లోన్: నా అనుభవం

నిన్ననే శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

చెన్నైలో సెషన్ వయొలినిస్టుని నేను, అంటే పిలిచిన రికార్డింగుకల్లా వెళ్లి వాయించేవాణ్ణి. సాలిగ్రామం, వడపళని స్టూడియోల్లో సినిమా రీరికార్డింగులు (నేపథ్య సంగీతం), ఖాళీ రోజుల్లో ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలకు పాఠాలు. పాన్, ఆధార్, సిబిల్, ఫ్లాటు కాగితాలు అన్నీ చకచకా అయిపోయాయి.

అసలు రామాయణం 'వృత్తి' గడి దగ్గర మొదలైంది. "పెళ్లిళ్లకు వాయిస్తారా సార్?" అన్నాడు మేనేజరు, కూర్చోమని కూడా అనకుండా. తర్వాత ఆఫీసు వెరిఫికేషన్ అంటూ ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు.

"బోర్డు ఎక్కడ సార్?"

"ఏ బోర్డు?"

"మీ వ్యాపారం బోర్డు. పక్కన మీరు నిలబడితే ఫొటో తీసుకోవాలి."

చేసేది లేక మ్యూజిక్ నోట్స్ పెట్టుకునే స్టాండు పక్కన వయొలిన్ పెట్టె పట్టుకుని నిలబడ్డాను. అంతటితో వదిలాడా? ఎదురింటావిణ్ణి ఆరా తీశాడు. తలుపు తీసే ఉంది, అంతా వినపడుతోంది. "ఆయనా? ఎక్కువగా ఇంట్లోనే ఉంటారు. ఆవిడే ఉద్యోగానికి వెళ్తుంది." ఇక రిపోర్టు ఎలా ఉంటుంది? 'వ్యాపార స్థలం లేదు.'

అప్పటికప్పుడు చేతికిచ్చిన నోట్స్ చూస్తూ, చెవిలో క్లిక్ ట్రాక్ (లయ తప్పకుండా వినిపించే టిక్కు టిక్కు) వింటూ రెండో టేక్‌కి ఓకే చేసేవాళ్లం మేము. అది ఎంతమందికి వచ్చు? ఏ వృత్తివాళ్లు లెక్కల పుస్తకాలు పెట్టాలో చెప్పిన 1962 నాటి ఆదాయపు పన్ను రూల్ 6ఎఫ్‌లో 'ఫిల్మ్ ఆర్టిస్ట్' జాబితా చూడండి. సంగీత దర్శకుడున్నాడు, గాయకుడున్నాడు, డ్రెస్ డిజైనర్ కూడా ఉన్నాడు. వాయించేవాడు లేడు. సర్కారుకే ఆననివాళ్లం, ఆ కుర్రాడికి ఏం ఆనతాం!

గట్టెక్కించింది 26ఏఎస్, అంటే నా పేరున ఎవరెంత పన్ను కట్టారో చూపే ఆదాయపు పన్ను శాఖ పట్టిక. వృత్తి ఫీజులకు వర్తించిన సెక్షన్ 194జె కింద 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) పట్టిన నిర్మాణ సంస్థల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఒక పేరు చూసి మేనేజరు "ఈ సినిమాకి మీరు వాయించారా!" అని కుర్చీ చూపించాడు. హీరో ఎలా మాట్లాడతాడని కూడా అడిగాడు. హీరో మాకెక్కడ కనపడతాడు, తెర మీద తప్ప!

కాబట్టి కవర్లో క్యాష్ పెట్టి ఇచ్చే కోఆర్డినేటర్లతో మొహమాటపడకండి. టీడీఎస్ పోయినా సరే, బ్యాంకులోనే వేయించుకోండి. పైగా వయొలిన్ లాంటి తీగవాద్యాల (స్ట్రింగ్స్) రికార్డింగుకి మమ్మల్ని వదిలి బుడాపెస్ట్‌కీ ఉత్తర మాసిడోనియాకీ వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. కాల్షీట్లు బాగా పడిన ఏడాదే లోన్‌కి పెట్టుకోండి, వచ్చే ఏడాది రిటర్నులో అంకె ఎలా ఉంటుందో ఎవరికెరుక.

ఇంత చేసీ అడిగినదాంట్లో కోత పెట్టారు. పైగా స్కూల్ టీచరైన మా ఆవిడని మొదటి అప్లికెంట్‌గా పెడితేనే ఇస్తామన్నారు. ఆవిడ జీతం నా సంపాదనలో సగం కూడా ఉండదు, కానీ పేస్లిప్ ఉంది. ఈఎంఐ మాత్రం నా అకౌంట్లోంచే కట్ చేసుకుంటారట.