నాన్న బుల్లెట్ ఇంజిన్ కడగడానికి నెల పట్టింది

బండి విప్పడం రెండు ఆదివారాల్లో అయిపోయింది. ఇంజిన్ కడగడానికి మాత్రం నెల పట్టింది, ఆ నెలలో సగం నా తొందర వల్లే పోయింది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

నాన్న 1986లో కొన్న బుల్లెట్ 350 ఇది. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ (బ్లాక్, అంటే సిలిండర్, పోత ఇనుము; కింది పెట్టె, కవర్లు అల్యూమినియం), 346 సీసీ, బోరు అంటే సిలిండర్ లోపలి వెడల్పు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం 90. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పదకొండేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో గోనెసంచులు కప్పుకుని నిలబడి ఉంది. కారిన ఆయిల్ మీద దుమ్ము, దాని మీద మళ్లీ ఆయిల్, అలా పేరుకుని పేరుకుని గేర్‌బాక్సు కింద వేలు మందాన తారులా గట్టిపడిపోయింది.

ఇంజిన్ విప్పకముందే పైపైన కడిగేయాలి. విప్పాక కడుగుదాంలే అనుకుంటే బోల్టు తిప్పిన ప్రతిసారీ ఆ మట్టి లోపలికి రాలుతుంది. కార్బురేటర్ వైపు రంధ్రం, సైలెన్సర్ రంధ్రం, ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ పైపు, మూడింటినీ గుడ్డ కుక్కి టేపు చుట్టి మూసేశాను. తర్వాత అయిదు లీటర్ల డీజిల్, ఒక పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్‌లు నాలుగు. గట్టిపడిన తారుని వెదురు బద్దతో గీకాను. స్క్రూడ్రైవర్ వాడితే అల్యూమినియం మీద గాటు పడుతుంది, అది ఇక పోదు. పెట్రోలుతో కడిగేవాళ్లని చాలామందిని చూశాను కానీ దయచేసి ఆ పని చేయకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. స్టీలు వైర్ బ్రష్ కూడా అల్యూమినియం మీద వద్దు. దాని ముక్కలు అందులో గుచ్చుకుని తర్వాత అక్కడక్కడా తుప్పు మచ్చలుగా బయటపడతాయి. ఇత్తడి బ్రష్ అయితే పర్లేదు.

విప్పాక అసలు పని ఛాంబర్ దగ్గర, అంటే క్రాంకు తిరిగే ఇంజిన్ కింది పెట్టె దగ్గర మొదలైంది. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, ఛాంబర్ పోతలోనే వెనకవైపు ఒక అరగా ఉంటుంది. అక్కడి నుంచి ఒక పంపు ఆయిల్ తోడి పంపిస్తుంది, ఇంకో పంపు కిందికి దిగిన ఆయిల్‌ని తిరిగి లాగుతుంది. ఆ ఆయిల్ అంతా లోహంలోనే తొలిచిన సన్నటి దారుల్లో తిరుగుతుంది. ఆటోనగర్‌లో ఒకతను ఛాంబర్ చూసి, "సాండ్ బ్లాస్టింగ్ కొట్టించెయ్యి అన్నా, షోరూమ్ నుంచి వచ్చినట్టుంటది" అన్నాడు. అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేయడం. నిజమే, పైకి అలాగే ఉంటుంది. కానీ ఆ దారుల్లో నాలుగు ఇసుక రేణువులు మిగిలినా కొద్ది కిలోమీటర్లలోనే అవి కనెక్టింగ్ రాడ్డు బిగ్ ఎండ్ దాకా, అంటే ఆ రాడ్డు క్రాంకుకి తగులుకునే చోటి దాకా చేరతాయి. అక్కడ ఉండేది రోలర్లు కాదు, ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే ఫ్లోటింగ్ బుష్. దానికి ఇసుక తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఛాంబర్‌ని చేత్తోనే కడిగాను. డీజిల్‌తో రెండుసార్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లతో మూడుసార్లు. ప్రతిసారీ వీధి చివర పంక్చర్ షాపుకి మోసుకెళ్లి కంప్రెసర్ గాలితో ఒక్కో రంధ్రం ఊదించాను. ఒక వైపు నుంచి సన్నగా నూనె పోస్తే రెండో వైపు నుంచి శుభ్రంగా బయటికి వచ్చేదాకా వదల్లేదు. ఇక పోత పోసినప్పటి గరుకు ఛాంబర్ పైన అలాగే ఉంది. దాన్ని నున్నగా చేయను. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది, అలాగే అందంగా ఉంది.

ఇప్పుడు క్లచ్ కవర్ గురించి. దీని గురించి ఇప్పటికీ బాధగానే ఉంది. మూడు వారాలు చేత్తో తోమి తోమి విసుగొచ్చి, కవర్లు మాత్రం బయట ఇచ్చేద్దాంలే అని క్లచ్ కవర్, బ్లాక్ కలిపి ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు రెండింటినీ ఒకే కాస్టిక్ సోడా తొట్టిలో వేశారు. బ్లాక్ క్యాస్ట్ ఐరన్ కాబట్టి దానికి ఏమీ కాలేదు, ముప్పైఏళ్ల పెయింటు మొత్తం ఊడి వచ్చింది. కవర్ అల్యూమినియం. నేను వెళ్లేసరికి నీళ్లు బుడబుడా పొంగుతున్నాయి, అంటే లోహం కరుగుతోందన్నమాట. బయటికి తీస్తే బొగ్గులా నల్లగా ఉంది, చేత్తో తడిమితే సన్నటి గుంటలు తగులుతున్నాయి.

ఇంటికి తెచ్చి గట్టు మీద పెడితే అమ్మ చూసి, "సత్తు గిన్నెకి సోడా తగిల్తే నల్లబడదూ, ఇదీ అదే సత్తు కదరా" అంది. షాపువాళ్లు నన్ను అడగాల్సింది, లేదా నేను అమ్మని అడగాల్సింది. ఇవ్వడానికి ముందు ఏ వస్తువు ఏ లోహమో, దేంట్లో ముంచుతారో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ కవర్‌ని కాపాడుకోవడానికి 120 నంబరు ఎమెరీతో మొదలుపెట్టాల్సి వచ్చింది. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ, మామూలుగా 220 నుంచి చాలు. తర్వాత వాటర్ పేపర్ 400, 600, 800, 1200, నీళ్లలో చుక్క సబ్బు కలిపి. ఇక్కడ ఒక సంగతి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చాలి. ముందు నంబరు గీతలు అడ్డంగా ఉంటే ఇప్పుడు నిలువుగా రుద్దాలి, అడ్డగీతలు పూర్తిగా మాయమైతేనే తర్వాతి నంబరు. తొందరపడి ఒక నంబరు దాటేస్తే బఫింగ్ (గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం) అయ్యాక ఎండలో ఆ గీతలన్నీ కనిపిస్తాయి. ఉబ్బెత్తు అక్షరాలు ఉన్న చోట, అంచుల దగ్గర బఫింగ్ చక్రం ఎక్కువసేపు ఆన్చకూడదు, అక్షరాలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. ఆయిల్ కారకుండా రెండు భాగాల మధ్య పెట్టే ప్యాకింగ్ కూర్చునే ముఖాల జోలికి అస్సలు పోకూడదు. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయిల్ కారుతుంది. లోతు గుంటలు నాలుగైదు మిగిలాయి, వాటిని వదిలేశాను. టైమింగ్ కవర్, ట్యాపెట్ కవర్లు నేనే చేసుకున్నాను కాబట్టి అద్దంలా వచ్చాయి.

బ్లాక్ చుట్టూ వేడి బయటికి పంపే రెక్కల మధ్య తుప్పు తీయడానికి డ్రిల్లు బ్రష్ పట్టలేదు. ఆక్సా బ్లేడుకి ఎమెరీ గుడ్డ చుట్టి ఒక్కో సందులో లాగాను, ఆ పనికే రెండు సాయంత్రాలు. లోపలి బోరుకి మాత్రం కడిగిన వెంటనే, నీళ్లు ఆరీ ఆరకముందే నూనె రాయాలి. మా వైపు గాలిలో ఉన్న తేమకి రాత్రికి రాత్రే ఎర్రటి పొర వచ్చేస్తుంది. థిన్నర్‌తో తుడిచి, బోరు, ముఖాలు టేపుతో మూసి, వేడికి తట్టుకునే నల్లరంగు మూడు పల్చటి పూతలు కొట్టాను. మందంగా కొడితే రెక్కల పని చెడుతుంది, వేడి సరిగ్గా బయటికి పోదు, పైగా పెచ్చులూడుతుంది. ముసురు పట్టిన రోజు స్ప్రే పట్టుకోవద్దు.

ఈ రంగు గాలికి ఆరినంత మాత్రాన గట్టిపడదు, వేడి తగలాలి. అందుకని ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పది నిమిషాలు నడిపి ఆపేసి పూర్తిగా చల్లారనివ్వాలి, తర్వాత ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లారనివ్వాలి. కాస్త పొగా వాసనా వస్తాయి, కంగారు పడక్కర్లేదు. హెడ్డు ఇంకా లేత్ దగ్గరే ఉంది, వాల్వ్ సీట్లు అయ్యాక వస్తుంది. మొదటి కిక్కు తనదేనని నాన్న ముందే చెప్పి పెట్టారు, మోకాలికి పట్టీ కూడా కొని ఉంచుకున్నారు.